చివరక్క సర్దిన బండి

చివరక్కతో మాట్లాడటం అంటే విశ్రాంతి తర్వాత సినిమా హాల్లో అడుగుపెట్టినట్టు ఉంటుంది. ఎవరు ఎవర్ని ఎందుకు కొడుతున్నారో అర్థం కాదు. "మొత్తానికి తాళంచెవి దొరికింది తమ్ముడూ" అంటుంది పొద్దున్నే. ఏ తాళంచెవి, ఎప్పుడు పోయింది, ఎవరు పోగొట్టారు అని మనం అడిగితే, ఒక్కొక్కటే వెనక్కి వెనక్కి చెప్పుకుంటూ పోతుంది. అడగకపోతే అంతే. దొరికింది కదా, ఇంకేం కావాలి అన్నట్టు తన పనిలో తాను పడిపోతుంది.

నాకేమో ఓపిక తక్కువ. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. "వీడు పుట్టడం కూడా తొందరపడే పుట్టాడు, ఇంకో నెల ఆగలేకపోయాడు" అంటుంది మా అమ్మ. అలాంటి నాకు ఇలాంటి మనిషితో రోజూ పొద్దున్నే పని. నేను పార్సిళ్ళ బండి డ్రైవర్ని. ఆ బండిలో పార్సిళ్ళు సర్దేది ఆవిడ. తెల్లవారేసరికి మా గోడౌన్లో బెల్టు కదలడం మొదలవుతుంది, దాని మీద పార్సిళ్ళు వరసగా వస్తాయి. ఒక్కో బండి వెనక ఒక్కొక్కరు నిలబడి తమ బండివి ఏరుకుని లోపల పేరుస్తారు. నా బండి వెనక నిలబడే మనిషి చివరక్క.

ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, గోడౌన్ వాళ్ళు పెట్టింది. సర్దుడు పనిలో మొదటి పాఠం ఒక్కటే. చివరి ఇంటికి ఇవ్వాల్సింది బండిలోకి ముందు ఎక్కాలి, మొదటి ఇంటిది అన్నిటికంటే చివర ఎక్కాలి. అప్పుడే తలుపు తీయగానే ఇవ్వాల్సిందే చేతికి తగులుతుంది. వింటే పసిపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. చెయ్యబోతే తెలుస్తుంది కష్టం. బెల్టు మీద పార్సిళ్ళు మనకు కావాల్సిన వరసలో రావు కదా. మొదటి వీధిదీ చివరి వీధిదీ భుజాల మీద చేతులేసుకుని వస్తాయి. అందుకని చాలామంది పెద్దవి కింద, చిన్నవి పైన కుక్కేసి, తలుపు మూసి, బండిని రెండు దెబ్బలు చరిచి "పో" అంటారు. ఆపైన డ్రైవరు పాట్లు డ్రైవరువి.

ఆవిడ రాకముందు ఆ పాట్లన్నీ నేను పడ్డవాణ్ణే. ఒక ఇంటి ముందు బండి ఆపడం, వెనక ఎక్కి, వంగి, పాకి వెతకడం, దొరకక పైనున్నవన్నీ కిందికి దించడం, దొరికాక మళ్ళీ అన్నీ ఎత్తి పెట్టడం. నేను దిగేసరికి వెనక ఆగిన బళ్ళవాళ్ళు హారన్లు మోగిస్తూ నా వంశంలో అందర్నీ పేరుపేరునా తలుచుకునేవారు. తీరా నేను ఇచ్చేది అరచేతిలో పట్టే డబ్బా. చీకటి పడ్డాక నడుం పట్టుకుని ఇల్లు చేరేవాణ్ణి, ఎవరు పలకరించినా కస్సుమనేవాణ్ణి. "ముందు తిను, తర్వాత అరుద్దువుగాని" అని మా ఆవిడ కంచం నా ముందుకు తోసేది.

చివరక్క నా బండికి వచ్చాక కథ మారిపోయింది. ఆవిడ లెక్కలో బండి అంటే ఇల్లు. తలుపు దగ్గరున్నది వీధి వసారా, మధ్యలోది హాలు, ఆ లోపలిది వంటిల్లు, డ్రైవరు వీపుకు ఆనుకున్నది పెరడు. "ప్రింటింగ్ ప్రెస్ వాళ్ళవి వంటింట్లో ఎడం చేతి అరలో ఉన్నాయి. గాజుసామాను హాల్లో ఉంది, మెత్తటి మూట పక్కన పడుకోబెట్టాను" అంటుంది. బరువైనవన్నీ నడుం ఎత్తుకు మించకుండా పెడుతుంది. ప్రతి పార్సిలు మీదా చిరునామా తలుపు వైపుకే తిరిగి ఉంటుంది. మధ్యలో మనిషి అడ్డంగా నడిచేంత దారి వదులుతుంది. నేను తలుపు తీయడం, చెయ్యి చాపడం, అందుకోవడం, అంతే. వెలుతురు ఉండగానే ఇంటికి రావడం మొదలైంది. మొదటి రోజు అలా వచ్చిన నన్ను చూసి మా ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి, "ఉద్యోగం ఊడిందా?" అని అడిగింది.

ఈ విద్య ఆవిడకు ఊరికే రాలేదు, దెబ్బ తిని నేర్చుకుంది. మొదట్లో గోడౌన్ ఊడ్చే పనిలో చేరిందట. ఒకరోజు సర్దేవాడు రాకపోతే అప్పటి సూపర్‌వైజరు, "ఆ చీపురు పక్కన పెట్టి ఈ బండి నింపమ్మా" అన్నాడు. ఆవిడ ఇళ్ళ వరస చూసుకుని, మొదటి ఇంటిది మొదట, రెండో ఇంటిది తర్వాత, అలా చివరిదాకా ముత్యాల్లా పేర్చింది. మధ్యలో ఒక్కటీ తప్పలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, తన పనికి తానే మురిసిపోయింది. ఆ డ్రైవరు మొదటి ఇంటి ముందు తలుపు తీస్తే ఎదురుగా చివరి ఇల్లు. పైన వాన. ఆ వానలో బండి మొత్తం ఎవరిదో షెడ్డులోకి దించి మళ్ళీ ఎక్కించుకున్నాడు పాపం. సాయంత్రం తడిసి ముద్దయి తిరిగొచ్చి ఆవిడతో ఒకటే మాట అన్నాడట. "అమ్మా, నీ వరసలో ఒక్క తప్పు లేదు. అందుకే నాకు ఏడుపొస్తోంది."

ఆ రోజు నుంచి చివరిది ముందు, మొదటిది చివర. ఏళ్ళ తరబడి అలా పేర్చీ పేర్చీ ఆవిడ బుర్ర కూడా ఆ దారినే పడింది. ఇంటికి వెళ్ళగానే మొదట తీయాల్సిన సరుకు సంచిలో పైన ఉండాలని బజారంతా రెండు చుట్లు తిరుగుతుంది. కూతురు చిన్నప్పుడు కథ చెప్పమంటే, "అందరూ హాయిగా ఉన్నారు" అని మొదలుపెట్టేదట. "మా అమ్మ కథల్లో రాక్షసుడికి నేనెప్పుడూ భయపడలేదు మామయ్యా, వాడు ముందే చచ్చిపోయి ఉండేవాడు" అని ఆ పిల్ల ఇప్పుడు తన పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూడా నవ్వుతుంది.

ఆవిడ భర్తకు సెలూన్ ఉంది. అక్క మొగుడు కాబట్టి నాకు బావ. నా తల ఆయన చేతిలోనే ఉంటుంది, ఉన్నంతవరకు. "బామ్మర్దీ, నీ జుట్టు కత్తిరించడం పెద్ద పని కాదు, వెతకడమే పని" అంటాడు. ఆ మాట నిజమే కాబట్టి నేను టోపీ లేకుండా బయటికి రాను. భార్య ఉల్టా వ్యవహారం గోడౌన్ వల్ల వచ్చిందంటే బావ చచ్చినా ఒప్పుకోడు. "పుట్టుకే అంతరా. సంబంధం మాట్లాడటానికి మేం వెళితే, 'నాకు ఇష్టమే' అని వచ్చి కూర్చుంది. ఆ తర్వాత అడిగింది నా పేరేంటని." ఈ ముక్క ఆయన ప్రతి క్షవరానికీ ఒకసారి చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ కత్తెర ఆపి మరీ నవ్వుతాడు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. మనం ఏదైనా కథ చెబుతుంటే ఎవరైనా "తర్వాత?" అంటారు. చివరక్క "అంతకుముందు?" అంటుంది. "నిన్న టైరు పంక్చరైందక్కా, తర్వాత ఏమైందంటే" అని నేను మొదలుపెడితే, "అది ఉండనీ, అంతకుముందు ఏ రోడ్డు మీద వెళ్ళావు?" అంటుంది. నాకు ఒళ్ళు మండేది. చాలాసార్లు సగంలో తలుపేసుకుని వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. మర్నాడు పొద్దున్నే నవ్వుతూ మళ్ళీ చివరి నుంచి మొదలు.

ఇలా ఉండగా మా అమ్మకు కళ్ళ ఆపరేషన్ అయింది. ఎన్నో ఏళ్ళుగా ఆవిడకు అన్నీ మసక. నా దగ్గును బట్టి, చెప్పుల చప్పుడును బట్టి నన్ను గుర్తుపట్టేది. ఆపరేషన్ అంటే భయంతో వాయిదా వేసీ వేసీ, చివరికి మా చెల్లెలు చెయ్యి పట్టుకుని లాక్కెళితే చేయించుకుంది. చేయించుకున్నాక మొండికేసింది. "కట్టు విప్పగానే ముందు నా కొడుకు మొహమే చూడాలి. వాడు రాకపోతే కళ్ళు తెరిచేది లేదు" అని డాక్టరుకే చెప్పేసింది. డాక్టరు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చి కట్టు విప్పుతానన్నాడు.

సెలవు అడిగాను. నా బదులు వెళ్ళాల్సిన డ్రైవరు కాలు బెణికి మంచం మీద ఉన్నాడు. సూపర్‌వైజరు చేతులు జోడించాడు, నేనూ జోడించాను, కానీ బండి కదలక తప్పదు. ఇక్కడ నా రోజు ఎలా నడుస్తుందో చెప్పాలి. గోడౌనుకు దగ్గర్లోనే ఆ కళ్ళ ఆసుపత్రి ఉంది. దాని పక్కన ఉన్న మందుల షాపే రోజూ నేను ఆగే మొదటి చోటు. అక్కణ్ణుంచి బజారు, ప్రెస్ వీధి, బడి, వంతెన దాటి ఆ చివర గుట్ట మీద కాలనీ. కాలనీలో చివరి పార్సిలు ఇచ్చేసరికి పొద్దు వాలుతుంది. అప్పుడు తిరిగి రావాలంటే వంతెన మీద బళ్ళన్నీ చీమల్లా ఆగిపోయి ఉంటాయి. ఎంత లెక్కేసుకున్నా నేను ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు చూసి వెళ్ళిపోతాడు. అమ్మ అన్నంత పనీ చేసి కళ్ళు మూసుకుని కూర్చుంటుందో, లేకపోతే నేను లేకుండానే తెరుస్తుందో తెలియదు. రెండూ నాకు ఇష్టం లేదు. అమ్మ కళ్ళు తెరిచే క్షణం నేను అక్కడ ఉండాలి. ఆ ముందు రోజు గోడౌన్లో కనిపించిన ప్రతివాడికీ ఈ గోడు చెప్పుకున్నాను. చివరక్క మాత్రం రెండే అడిగింది. "ఏ ఆసుపత్రి? ఎన్నో అంతస్తు?"

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి బండి సర్దేసి, తలుపు కూడా వేసేసి ఉంది. చివరక్క ఎదురొచ్చింది.

"అమ్మ నిన్ను చూసి నవ్వుతుంది తమ్ముడూ."

"నీ నోటి చలవ అక్కా" అంటూ బండెక్కాను.

"దానికి ముందు మందుల షాపు వాళ్ళ పెట్టెలిస్తావు. దానికి ముందు బజారు. దానికి ముందు..."

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ నాకు మొదలూ వద్దు, చివరా వద్దు. వేళకు చేరితే చాలు."

బండి కదిలించాను. ఆవిడ వెనకాలే వచ్చి బండిని టపటపా కొట్టింది. రోజూ "ఇక వెళ్ళు" అని అలాగే కొడుతుంది కదా, నేను వెళ్ళిపోయాను.

మందుల షాపు ముందు ఆపి తలుపు తీశాను. వసారాలో ఉండాల్సిన మందుల పెట్టెలు లేవు. ఎదురుగా గుట్ట మీద కాలనీ మొత్తం తీరుబడిగా కూర్చుని ఉంది. దాని వెనక బడి, బడి వెనక ప్రెస్. మందుల షాపు ఎక్కడో పెరట్లో, నా సీటు వెనక గోడకు ఆనుకుని ఉంది. బండి మొత్తం తలకిందులు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళలో ఒక్క తప్పు చెయ్యని మనిషి, చెయ్యక చెయ్యక ఈ రోజే చెయ్యాలా. లోపలికి దూరి అడ్డొచ్చినవి అడ్డొచ్చినట్టు రోడ్డు మీదికి దించడం మొదలుపెట్టాను. కొన్నిటిని అటు విసిరాను, కొన్నిటిని ఇటు నెట్టాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను. మందుల షాపాయన స్టూలు మీద కూర్చుని, పొద్దుటి టీ తాగుతూ, టికెట్టు లేని ఆటలా చూస్తున్నాడు.

చివరక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పనిలో ఉండగా ఆవిడ ఎత్తదు. సూపర్‌వైజరుకు చేశాను.

"సార్, ఈవిడ నా బండిని బోర్లా సర్దింది."

"నన్నడిగే చేసింది" అన్నాడాయన. "ముందు సరే అనండి సార్, ఎందుకో తర్వాత చెబుతాను అంది. అన్నాను. తర్వాత చెప్పలేదు. ఎందుకంటావ్?"

నన్నే అడుగుతున్నాడు. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న పార్సిలు ఎవరి నెత్తిన వెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాను. అప్పుడు మందుల షాపాయన గ్లాసు కింద పెట్టి, "నా పెట్టెలకు తొందరేం లేదు గానీ, సాయంత్రమైనా ఇవ్వు. అమ్మగారికి ఎలా ఉంది? పైనే కదా ఉన్నారు" అని తల పైకెత్తి చూపించాడు.

నేనూ తలెత్తాను. షాపు పక్కనే ఆసుపత్రి. పై అంతస్తు కిటికీ రెక్కకు మా చెల్లెలి తువ్వాలు ఆరేసి ఉంది.

చివరి ఇంటిది ముందు ఎక్కాలి. ఆవిడ బండిలో అన్నిటికంటే ముందు ఎక్కించింది మందుల షాపు పెట్టెలు. అంటే ఈ రోజు నా చివరి ఇల్లు మందుల షాపు. మందుల షాపు పక్కన మెట్లు, మెట్ల పైన మా అమ్మ. "అమ్మ నిన్ను చూసి నవ్వుతుంది. దానికి ముందు మందుల షాపు వాళ్ళ పెట్టెలిస్తావు. దానికి ముందు బజారు." ఆవిడ దీవించలేదు, దారి చెప్పింది. తన పద్ధతిలో, చివర నుంచి. నేనే వినలేదు. ఇన్నేళ్ళుగా గానుగెద్దులా ఒకే వైపు తిరుగుతున్న నాకు, అదే దారిని అటు నుంచి ఇటు కూడా రావచ్చని తట్టనే లేదు.

రోడ్డు మధ్యలో నిలబడి ఒక్కణ్ణే నవ్వాను. మందుల షాపాయన స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

దించినవన్నీ గబగబా లోపల పెట్టి వంతెన వైపు బండి తోలాను. పొద్దున్నే వంతెన ఖాళీగా ఉంది. గుట్ట ఎక్కాను. నేను ఎప్పుడూ ఆ కాలనీకి వెళ్ళేది పొద్దు వాలే వేళకే కాబట్టి సగం ఇళ్ళకు తాళాలే కనబడేవి. గేట్లు కొట్టడం, ఫోన్లు చెయ్యడం, పక్కింటివాళ్ళను బతిమాలడం. ఆ రోజు చూస్తే అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. ఒకాయన నోట్లో బ్రష్షుతో సంతకం పెట్టాడు. ఒకావిడ తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. ఒక ముసలావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వేనా, మేం లేనప్పుడు వచ్చి గేటుకు చీటీ అంటించి పారిపోయేది?" అని నిలదీసింది. ఎన్నేళ్ళుగానో పేర్లే తప్ప మొహాలు తెలియని మనుషులు. ఎవరి కోసమూ రెండోసారి గుట్ట ఎక్కాల్సిన పని పడలేదు.

ప్రతి చోటా తలుపు తీయగానే ఆ ఇంటిదే చేతికి తగులుతోంది. మధ్యాహ్నానికే బడి అయిపోయింది. ఆవిడ సర్దిన వరసలో ఒక్కటీ నన్ను ఏడిపించలేదు. ఏడిపించినవన్నీ పొద్దున నేను కోపంతో అటూ ఇటూ విసిరినవే. ప్రెస్ వీధిలో దర్జీ పార్సిలు కనబడలేదు. పొద్దున చూసిన గుర్తుంది, ఎక్కడ గిరాటేశానో గుర్తు లేదు. పాత రోజుల్లో లాగా మళ్ళీ పాకడం, వంగడం, వెనక హారన్లు. ఎండ గోడల మీద నుంచి దిగిపోతోంది. చివరికి మందుల పెట్టెల వెనక, గోడకూ అరకూ మధ్య సందులో ఇరుక్కుని దొరికింది. దర్జీ, "ఏం బాబూ, ఇవాళ కొత్తవాళ్ళు సర్దారా?" అని అడిగాడు.

"లేదు, పాతవాడే చెడగొట్టాడు" అన్నాను.

బజారుకు మలుపు తిరిగే చోట నుంచి వంతెన కనబడుతుంది. అప్పటికే బళ్ళు బారులు తీరి ఆగిపోయాయి. రోజూ ఈ వేళకు నేను ఆ బారులో హారన్ మీద చెయ్యి పెట్టి కూర్చుని ఉండేవాణ్ణి. ఆ రోజు దాన్ని దూరం నుంచి చూసి, బజారులోకి తిరిగాను. దుకాణాల వాళ్ళు ఇంకా అందరూ ఉన్నారు. దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుండగా చివరి పెట్టెలు మందుల షాపు బల్ల మీద పెట్టాను. వెనక్కి చూస్తే బండి ఖాళీగా, ఊడ్చిన ఇల్లులా ఉంది.

"పరిగెత్తు" అన్నాడు మందుల షాపాయన.

మెట్ల పైన మా చెల్లెలు ఎదురైంది. "త్వరగా రా అన్నయ్యా. కట్టు విప్పేశారు, కళ్ళు తెరవనంటోంది."

లోపల అమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని, చేదు మందు పోస్తారని భయపడే పిల్లలా కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. డాక్టరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఒక్కసారి తెరవండమ్మా, మీ అమ్మాయి ఉందిగా" అంటున్నాడు.

"దాన్ని తర్వాత చూస్తాను, ఎక్కడికీ పోదు" అంటోంది అమ్మ. "డాక్టరుగారూ, మీరు మంచివారు, నేను మొండిదాన్ని. ఎవరు గెలుస్తారో మీకూ తెలుసు."

నేను గుమ్మంలో అడుగుపెట్టాను. అమ్మ తల ఇటు తిరిగింది.

"ఆగండి. ఆ చెప్పుల చప్పుడు వాడిదే."

డాక్టరు ఉన్నాడు కదా అని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. అమ్మ మెల్లగా కళ్ళు తెరిచింది. రెండుసార్లు ఆర్పింది. నా మొహం వైపు చూసింది, నా తల వైపు చూసింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది చూపు.

"జుట్టంతా ఏదిరా?" అంది.

అమ్మ చెయ్యి చాపి నా తల మీద పెట్టి తడిమింది. "నాకు ఒక్క మాట చెప్పకుండా ఎప్పుడు పెద్దవాడివయ్యావురా ఇంత?"

నాకు దుఃఖం ఆగలేదు. సంతోషంతో వచ్చే ఏడుపు ఉంటుందని వినడమే గానీ, అంతవరకు నాకు రాలేదు. నన్ను చూసి అమ్మ కూడా ఏడవబోయింది. "ఇవాళ కళ్ళు తడవకూడదమ్మా" అని డాక్టరు గాభరాపడ్డాడు. దాంతో అమ్మ నవ్వింది. "అయితే నవ్వుతాలెండి. ఈ గుండు చూస్తే నవ్వు రాదూ" అని నా నెత్తి మీద మెల్లగా ఒక్కటి చరిచింది. అమ్మ నా కళ్ళలోకి చూస్తూ నవ్వి ఎన్నేళ్ళయిందో. ఆ నవ్వు చూడటానికి నేను అక్కడ ఉన్నాను.

మర్నాడు పొద్దున్న అందరికంటే ముందే గోడౌనుకు వెళ్ళాను. చివరక్క నా బండి లోపల, పెరట్లో నిలబడి, చేతిలో ఉన్న పార్సిలు మీద చిరునామా చదువుకుంటోంది. నేను బండి మెట్టు మీద కూర్చున్నాను. దారి పొడవునా అనుకుంటూ వచ్చాను ఎలా చెప్పాలో.

"అమ్మ నవ్విందక్కా" అన్నాను.

ఆవిడ తలెత్తింది. నేను చివర నుంచి మొదలుపెట్టడం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"అంతకుముందు?" అంది.

"నా బట్టతల తడిమి చూసింది."

"అంతకుముందు?"

"కళ్ళు తెరిచింది. అంతకుముందు, నేను వచ్చేదాకా తెరవనని భీష్మించుకుని కూర్చుంది."

"అంతకుముందు?"

"మెట్లెక్కి పరిగెత్తాను. అంతకుముందు మందుల షాపు. అంతకుముందు బజారు. అంతకుముందు దర్జీది దొరక్క చచ్చాను, అది నా తప్పే. అంతకుముందు గుట్ట మీద ఒక ముసలావిడ నన్ను దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంది."

ఆవిడ పక్కున నవ్వింది. "అంతకుముందు?"

"అంతకుముందు నడిరోడ్డు మీద నిలబడి నిన్ను తిట్టాను."

"ఎంత?"

"బాగానే."

"తిడతావులే, నాకు తెలుసు. అంతకుముందు?"

"అంతకుముందు, పొద్దున్నే నువ్వు నా బండి సర్దావు."

"ఊఁ" అంది, అలవాటు కొద్దీ. "అంతకుముందు?"

"అంతకుముందు ఏమీ లేదక్కా. మొదలైంది అక్కడే."

వెనక బెల్టు కదలడం మొదలైంది, పార్సిళ్ళు వస్తున్నాయి. చేతిలో ఉన్నదాన్ని ఎక్కడ పెట్టాలో చివరక్కకు కాసేపు తోచలేదు.